అత్యవసర నిధి లేకుండా ఈఎంఐ మీద రెండు టీవీలా?

ప్రశ్న: మేం తిరుపతిలో ఉంటాం. రేణిగుంట దగ్గర ప్రైవేటు కంపెనీలో పనిచేస్తాను, జీతం చేతికి 42 వేలు. నా భార్య స్కూల్ టీచరు, ఆమెకు 14 వేలు. ఇద్దరు పిల్లలు. అమ్మానాన్న చిత్తూరులో సొంతింట్లో ఉంటారు. నాన్నకు 66, అమ్మకు 61. నాన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేసి మానేశారు, పింఛను లేదు. ఇద్దరికీ బీపీ, నాన్నకు షుగర్ కూడా. అద్దె, ఫీజులు, ఫోను ఈఎంఐతో కలిపి మా ఇంటికి 34 వేలవుతుంది. చిత్తూరుకు 12 వేలు పంపుతాను. బ్యాంకులో 22 వేలు ఉన్నాయి. ఇక్కడ కేబుల్‌కు నెలకు 350, అక్కడ 300. రెండు చోట్లా కేబుల్ తీసేసి ఓటీటీలు పెట్టుకుంటే ఏడాదికి 7,800 మిగులుతుంది కదా! 27 వేల స్మార్ట్ టీవీలు రెండు చూశాను. ఒకటి క్రెడిట్ కార్డు మీద, 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ. కార్డు లిమిట్ 75 వేలు, అందులో ఫోను బాకీ 18 వేలుంది, నెలకు 2 వేలు కడుతున్నాను. రెండో టీవీకి ఒక లోన్ యాప్ నెలకు 3 శాతం వడ్డీతో ఇస్తానంటోంది, 12 నెలలు 3,060 చొప్పున కట్టాలి. రేపో ఎల్లుండో ఓకే చేస్తాను. ఎమర్జెన్సీ వస్తే కార్డు ఎలాగూ ఉంది. ఏ ఓటీటీలు తీసుకోమంటారు?

జవాబు: ఓటీటీల సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరానికి జవాబు రాయాలనిపించింది చివర్లో మీరు రాసిన మాట చూసే, ‘ఎమర్జెన్సీ వస్తే కార్డు ఎలాగూ ఉంది’ అన్నది. జీతం వేళకు పడే చాలా ఇళ్లలో ఈ ధైర్యమే కనిపిస్తుంది. మీ విషయంలో ఆ కార్డునే టీవీకి వాడేస్తున్నారు. 75 వేల లిమిట్‌లో ఫోనుకు 18 వేలు పోయింది. టీవీకి ఇంకో 27 వేలు పోతే మిగిలేది 30 వేలు. మీ నమ్మకమంతా ఆ 30 వేల మీదే, అదీ మీ డబ్బు కాదు, అప్పు.

మీరు నడుపుతున్నది రెండిళ్లు. ఇక్కడ 34, అక్కడ 12, మొత్తం నెలకు 46 వేలు. చేతిలో ఉన్నది 22 వేలు. కంపెనీలో ఒక్క జీతం ఆలస్యమైతే ఆ డబ్బు రెండిళ్లకు రెండు వారాలు వస్తుంది, అంతే. అత్యవసర నిధి లెక్క వేసేటప్పుడు చాలామంది తాముండే ఇంటి ఖర్చే చూస్తారు, అమ్మానాన్నలకు పంపేది మర్చిపోతారు. ఉద్యోగం పోయిన నెలలో చిత్తూరులో మందులు కొనడం ఆపలేరు కదా. కాబట్టి మీకు మూడు నెలల నిధి అంటే 1,38,000, ఆరు నెలలదైతే 2,76,000. మొదటి మజిలీ మూడు నెలలు. అది చేతిలో పడేదాకా అప్పు మీద ఏ వస్తువూ కొనకండి. టీవీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

ఇప్పుడు మీ 7,800 లెక్క చూద్దాం. అది నిజంగా మిగలదు. తిరుపతి ఇంట్లో నెట్ ఉందేమో, మీరు రాయలేదు. చిత్తూరులో కేబుల్ తీసేస్తే మాత్రం నెట్ కనెక్షన్ కచ్చితంగా కావాలి. నెలకు 399 ప్లాను తీసుకున్నా జీఎస్టీతో 471 అవుతుంది, ఏడాదికి 5,650 దాకా. 7,800లో అది పోగా మిగిలేది 2,150. దాంట్లోంచే రెండిళ్ల ఓటీటీ చందాలు కట్టాలి, చాలదు. అంటే రెండు వేలు కూడా మిగలని పనికి 54 వేల టీవీలు కొంటున్నారు. ఆగిపోయే బిల్లును లెక్కేసుకుని, దాని స్థానంలో మొదలయ్యే బిల్లును వదిలేయడం అందరూ చేసే తప్పే. మీరు దాని మీద అప్పు కూడా చేస్తున్నారు.

లోన్ యాప్ గురించి కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. 3,060 చొప్పున 12 నెలలు కడితే 36,720 అవుతుంది. 27 వేల టీవీకి 9,720 వడ్డీ! నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటున్నారేమో, అదీ కాదు. ప్రతి నెలా అసలు కొంత తీరుతూ ఉంటుంది. అయినా వీళ్లు మొదటి రోజు ఇచ్చిన 27 వేల మీదే చివరిదాకా వడ్డీ కట్టించుకుంటున్నారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఇది ఏడాదికి 60 శాతం పైనే. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. అప్పు ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ఫీజులు కూడా కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం అది. నెల వడ్డీ ఎంతని అడగడం మానేసి ఆ అంకె చూడండి. అది చూశాక కూడా ఓకే నొక్కుతారని నేననుకోను. ఇద్దరు సంపాదిస్తున్న ఇంట్లో టీవీ కోసం ఇంత వడ్డీకి అప్పు చేయడం ఏ లెక్కన చూసినా తప్పే.

నో కాస్ట్ ఈఎంఐ అంత ప్రమాదం కాదు గానీ ఉచితం కూడా కాదు. సున్నా వడ్డీ పథకాలు కుదరవని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, వడ్డీ మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేసుకుంటూనే ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి. నగదు ఇస్తే షాపువాళ్లు తగ్గించేదీ పోతుంది. ఒక్క నెల గడువు తప్పిందా, కార్డు మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం పైన కూడా పడొచ్చు.

ఇక అత్యవసరం మీ ఇంట్లో ఎలా వస్తుందో ఒక్కసారి ఆలోచించండి. రాత్రి పదకొండుకు నాన్నగారికి ఛాతీలో నొప్పి అని చిత్తూరు నుంచి ఫోన్ వస్తుంది. మీరు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. చిత్తూరులో చాలామందిలాగే వాళ్లూ వేలూరు సీఎంసీకి తీసుకెళ్దామంటారు, లేదంటే తిరుపతి స్విమ్స్‌కు. బండి మాట్లాడాలి, దానికి నగదు. ఆస్పత్రిలో అడ్వాన్సు, దానికి నగదు. అమ్మగారు, పక్కింటివాళ్లు అక్కడే ఉండాలి, వాళ్లకు గది, భోజనాలు. మీరు నాలుగైదు రోజులు సెలవు పెట్టాలి, జీతం కోత పడొచ్చు. ఈ ఖర్చుల్లో చాలావాటిని ఏ బీమా పాలసీ ఇవ్వదు. ఆ రాత్రి మీ క్రెడిట్ కార్డు తిరుపతిలో మీ జేబులో ఉంటుంది, అవసరం చిత్తూరులో ఉంటుంది.

అందుకే రెండిళ్లు నడిపేవాళ్లు అత్యవసర నిధిని ఒకే చోట పెట్టకూడదంటాను. మీ 22 వేలలోంచి 10 వేలు ఈ వారమే నాన్నగారి ఖాతాలో వేయండి. ఖాతాలో అమ్మగారి పేరు కూడా ఉండాలి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. ఏటీఎం కార్డు ఇంట్లో ఎక్కడుందో, పిన్ ఏమిటో అమ్మగారికి తెలియాలి. నాన్నగారే మంచం మీద ఉంటే ఆయన ఒక్కరికే తెలిసిన పిన్‌తో పనేం జరుగుతుంది? ఒకసారి అమ్మగారి చేత ఏటీఎంలో 500 తీయించి చూడండి. మిగతా నిధిని మీ జీతం ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో పెట్టండి, ఆ ఖాతాను ఫోన్‌లోని యూపీఐకి కలపొద్దు. స్కాన్ చేస్తే పోయే డబ్బు నెలాఖరుకు ఉండదు. నిధి కాస్త పెరిగాక కొంత భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చుకోవచ్చు.

డబ్బు ఎక్కడిదంటారా? మీ ఉత్తరంలోనే ఉంది. టీవీకి కార్డు మీద నెలకు 3,000, యాప్‌కు 3,060. రెండూ కట్టగలననే కదా సిద్ధపడ్డారు. జీతం పడిన రోజే ఆ 6 వేలు నిధి ఖాతాలోకి వెళ్లిపోయేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఉన్న 22 వేలతో కలిపి నాలుగు నెలల్లో 46 వేలవుతుంది, అంటే రెండిళ్లకూ ఒక నెల ఖర్చు. ఏడాది తిరిగేసరికి 94 వేలు. తొమ్మిది నెలలకు ఫోను బాకీ తీరుతుంది, ఆ 2 వేలూ ఇందులోకే మళ్లించండి. లక్షకు చేరుతారు. పండగకో, బంధువుల పెళ్లికో దీన్ని ముట్టుకోవద్దు. అవి వస్తాయని ముందే తెలుసు, అలాంటివి అత్యవసరాలు కావు.

మొదటి 46 వేలు జమ కాగానే అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా చూడండి. మీ కంపెనీ పాలసీలో వాళ్ల పేర్లున్నాయేమో ముందు హెచ్‌ఆర్‌ను అడగండి. బియ్యం కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ ఏయే ఆస్పత్రుల్లో వర్తిస్తుందో ఇప్పుడే కనుక్కోండి, ముఖ్యంగా వేలూరు తీసుకెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు. సొంతంగా పాలసీ తీసుకుంటే బీపీ, షుగర్ సంగతి దాచకుండా రాయాలి. ఉన్న జబ్బులకు మూడేళ్లకు మించి వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టకూడదన్న నిబంధన వచ్చింది కాబట్టి ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా పోయింది. పెద్ద టీవీల మీద 28 నుంచి 18కి తగ్గిందీ అదే రోజు. షాపువాళ్లు టీవీ సంగతి పెద్ద అక్షరాల్లో వేశారు, బీమా సంగతి చాలామందికి తెలియనే తెలియదు. నాన్నగారికి 70 నిండాక ఉచిత వైద్యానికి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. దానికి ఇంకా నాలుగేళ్లుంది, అప్పటిదాకా దాని మీద ఆధారపడలేరు.

ఇక టీవీలు. చిత్తూరులో కేబుల్ తీసేయొద్దు. అమ్మగారి సీరియళ్లు, నాన్నగారి వార్తలు, ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం, ఇవన్నీ ఒక్క నంబరు నొక్కితే వచ్చే చోట యాప్‌లు, పాస్‌వర్డులు పెట్టారనుకోండి. లాగౌట్ అయిన ప్రతిసారీ ఓటీపీ మీ ఫోనుకు వస్తుంది, మీరేమో డ్యూటీలో ఉంటారు. పెద్దవాళ్లకు అదో టెన్షన్. కావాలంటే ఆపరేటర్‌తో మాట్లాడి చూడని పే ఛానళ్లు తీయించండి, 300 కాస్త తగ్గుతుంది. తిరుపతి ఇంట్లో నెట్ ఉంటే కేబుల్ తీసేయండి. ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే, దానికి గుచ్చి ఓటీటీలు చూసుకునే మూడు నాలుగు వేల స్టిక్ చాలు, అదీ ఒక నెల ఆగి నగదుతో కొనండి. ఒక చందా తీసుకుంటే రెండిళ్లకూ సరిపోతుందనుకోవద్దు. నెట్‌ఫ్లిక్స్ 2023 జులై నుంచి మన దేశంలోనూ ఒక ఖాతా ఒక ఇంటికేనంటోంది. దాని 149 రూపాయల ప్లాను ఫోన్, ట్యాబ్‌లకే, టీవీలో రాదు. మిగతావాటిలో కూడా ఒకేసారి ఎన్ని తెరల మీద నడుస్తుందో చూసుకోండి. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5, జియోహాట్‌స్టార్ అన్నీ ఒకేసారి అక్కర్లేదు. ఒకటి పెట్టుకోండి, రెండు మూడు నెలలు చూశాక ఆపేసి ఇంకోటి తీసుకోండి. ఆటో రెన్యువల్ మాత్రం మొదటి రోజే తీసేయండి.

మీరు ‘రేపో ఎల్లుండో ఓకే చేస్తాను’ అన్నారు. ఇది చదివేసరికే యాప్ డబ్బు ఖాతాలో పడి ఉంటే దాన్ని కదిలించొద్దు. డిజిటల్ రుణాలకు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలని, అది కనీసం ఒక రోజైనా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ గడువులో అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా అప్పు రద్దవుతుంది. ముందే చెప్పి ఉంటే ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పట్టుకోవచ్చు, పోతే పోనీండి. గడువు ఎన్ని రోజులో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. ఆ కాగితమే ఇవ్వలేదంటే, రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లోని లెండింగ్ యాప్‌ల జాబితాలో ఆ పేరుందో లేదో చూడండి. లేకపోతే ఫోన్‌లో కాంటాక్టులు, ఫొటోల పర్మిషన్లు వెంటనే తీసేయండి. గడువు దాటిపోయి ఉంటే చిత్తూరులో వేయమన్న 10 వేలు వేసి, ఆ నెల నుంచి 6 వేలూ ముందు ఆ బాకీకే కట్టండి. నిధి ఆ తర్వాత మొదలుపెడుదురు గాని.