జాఫిష్‌కి ముందు కావాల్సింది మందు కాదు, లోతైన ఇసుక

ప్రశ్న: నేను రొయ్యల రైతును. ఇంట్లో సరదాకి 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నాను. మూడు నెలలుగా నడుస్తోంది. రెండు క్లౌన్‌ఫిష్, ఒక నీలి డామ్సెల్, ఒక క్లీనర్ ష్రింప్ ఉన్నాయి. నెల కిందట రెండు ఎల్లోహెడ్ జాఫిష్‌లు (ఇసుకలో బొరియ తవ్వుకుని ఉండే సముద్రపు చేపలు) తెచ్చి వేశాను. ఒకటి మూడో రోజు రాత్రే బయటికి ఎగిరి, నేల మీద పడి చచ్చిపోయింది. రెండోది రోజుకో చోట గుంత తవ్వుతుంది, అది కాసేపటికే కూలిపోతుంది. ఒక రాయి కూడా పక్కకి ఒరిగింది. పగలంతా ఫిల్టర్ పైపు వెనకే నక్కి ఉంటోంది, మేత సరిగా తినడం లేదు. రెండు రోజులుగా ఒంటి మీద తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయి. మా చెరువులో ఈమధ్యే వైట్ స్పాట్ వచ్చింది. అదే దీనికీ అంటుకుందేమోనని టెన్షన్‌గా ఉంది. కాపర్ మందు వేయమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. వేయవచ్చా? ఇసుక రెండు అంగుళాలు ఉంది, సెలైనిటీ (నీటిలో ఉప్పు) 25 పీపీటీ, అంటే వెయ్యి భాగాల్లో 25 భాగాలు. ఇది కుదురుకుంటే నీలి చుక్కల జాఫిష్ కూడా తెచ్చుకోవాలని ఉంది.

జవాబు: కాపర్ మందు ఆ ట్యాంకులో వేయకండి. సముద్రపు ఇసుకలోనూ రాళ్లలోనూ ఉండే కాల్షియం కార్బొనేట్ కాపర్‌ని పట్టేసుకుంటుంది. మీరు ఎంత కొలిచి వేసినా నీటిలో ఆ మోతాదు నిలవదు, చేపకి నయం కాదు. క్లీనర్ ష్రింప్ మాత్రం చచ్చిపోతుంది. రాళ్లని అంటిపెట్టుకుని ఉండే చిన్న చిన్న జీవులూ పోతాయి. వైద్యం అవసరమే అనుకుంటే విడిగా వేరే ట్యాంకులో చేయాలి. దాని సంగతి కింద చెబుతాను.

చెరువు వైట్ స్పాట్ గురించి భయం అక్కర్లేదు. రొయ్యలకి వచ్చేది వైరస్. అది రొయ్యలు, పీతల వంటి పెంకు జీవులకే జబ్బు చేస్తుంది, చేపకి కాదు. చేప ఒంటి మీద తెల్ల చుక్కలు తెచ్చేది క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి. రెండింటికీ సంబంధం లేదు. అయితే మీరు రాయని సంగతి ఒకటి అడగాలి. చెరువు రొయ్యనే తరిగి ట్యాంకులో మేతగా వేస్తున్నారా? వేస్తుంటే వెంటనే ఆపండి. ఆ వైరస్ ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. జాఫిష్‌కి ఏమీ కాకపోయినా మీ క్లీనర్ ష్రింప్‌కి అంటుకునే ప్రమాదం ఉంది. అలాగే ట్యాంకులో మార్చిన నీళ్లు చెరువులోకో కాలువలోకో పోయనివ్వకండి. ఇక్కడి వల, బకెట్ అక్కడ వాడకండి. బయోసెక్యూరిటీ, అంటే జబ్బు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకకుండా చూసుకోవడం గురించి మీకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు.

ఇంతకీ ఆ చుక్కలు జబ్బేనా? జాఫిష్ రోజంతా ఇసుకలో పొర్లాడే చేప. రేణువులు దాని జిగురుకి అంటుకుంటూ ఉంటాయి. అందుకే ఒకసారి చూసి నిర్ణయానికి రావద్దు. టార్చి పక్క నుంచి వేసి, ముఖ్యంగా రెక్కల మీద చూడండి. రెక్కలు పారదర్శకంగా ఉంటాయి కాబట్టి అక్కడ తేడా బాగా తెలుస్తుంది. ఇసుక రేణువైతే చేప నాలుగుసార్లు కదిలేసరికి రాలిపోతుంది, గంట తర్వాత చూస్తే అదే చోట ఉండదు. క్రిప్టోకారియాన్ చుక్క ఉప్పు రవ్వంత ఉండి, ఉన్నచోటే రెండు మూడు రోజులు ఉంటుంది. చేప ఒంటిని రాళ్లకి రుద్దుకుంటుంది. తర్వాత చుక్కలు మాయమవుతాయి, తగ్గిందని మనం సంబరపడతాం, వారం పది రోజుల్లో అంతకి రెట్టింపు వస్తాయి. నిజానికి తగ్గింది లేదు. పరాన్నజీవి చేప మీద నుంచి రాలి, అడుగున తిత్తి కట్టుకుని, అందులో వందల పిల్లలుగా చీలి, ఎక్కువగా చీకటి వేళల్లో బయటికొచ్చి చేపను వెతుక్కుంటుంది. ఆ వేళకి జాఫిష్ సరిగ్గా ఆ ఇసుకలోనే పడుకుని ఉంటుంది. ఇక మూడోది, చుక్కల్లా కాకుండా ఒంటి మీద సన్నటి పొడి చల్లినట్టు బంగారు రంగులో మెరుస్తూ, చేప గబగబా మొప్పలు కొట్టుకుంటుంటే అది వెల్వెట్ జబ్బు. దానికి రోజుల్లోనే ప్రాణం పోతుంది. అప్పుడు మాత్రం ఆగకుండా అదే రోజు వేరే ట్యాంకులోకి మార్చాలి.

మీ ఉత్తరంలో నాకు అసలు జబ్బుగా కనిపించింది చుక్కలు కాదు, రెండు అంగుళాల ఇసుక. రోజూ తవ్వడం, కూలడం, పైపు వెనక నక్కడం, తినకపోవడం, ఆఖరికి మొదటిది ఎగిరి పడటం, అన్నీ అక్కడికే వస్తాయి. ఎల్లోహెడ్ జాఫిష్ కరీబియన్, ఫ్లోరిడా తీరాల్లోని చేప. పగడపు దిబ్బల పక్కన ఇసుక నేలలో బొరియ చేసుకుని, దాని మీద తోక కిందకి పెట్టి నిలువుగా నీటిలో తేలుతూ, ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్ ఏరుకు తింటుంది. ఏదైనా నీడ పడితే తోక ముందుగా వెనక్కి జారి బొరియలో దూరిపోతుంది. రాత్రి ఒక గుల్లో రాయో నోటితో లాగి మూత పెట్టుకుంటుంది. వేటాడే జంతువు నుంచి తప్పించుకోవడానికి దానికి వేరే దారి లేదు. బొరియ లేని జాఫిష్ క్షణం కూడా స్థిమితంగా ఉండదు. అలా బెదిరిపోయి ఉన్న చేపలో రోగనిరోధక శక్తి పడిపోతుంది, ఆ సమయం చూసే క్రిప్టోకారియాన్ వంటివి పైకొస్తాయి.

కాబట్టి అడుగు సరిచేయండి. ఇసుక కనీసం 5 నుంచి 7 అంగుళాల లోతు ఉండాలి. ట్యాంకు అంతటా అక్కర్లేదు. ఒక మూల అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఆ లోతు ఉంటే చాలు. అడ్డంగా ఒక యాక్రిలిక్ పలకో, ఆహార పదార్థాలకి వాడే ప్లాస్టిక్ డబ్బానో పెట్టి అంత మేర నింపుకోవచ్చు. లోతుతో పాటు కలగలుపు కూడా ముఖ్యం. మీరు వేసింది ఒకే సైజు సన్న ఇసుక అనుకుంటాను. అది ఎంత తవ్వినా నిలవదు, గోడలు జారిపోతూనే ఉంటాయి. సగం సన్న ఇసుక, మిగతా సగం చిన్న గవ్వలు, విరిగిన గుల్లలు, పగడపు ముక్కలు, చిక్కుడు గింజ నుంచి బొటనవేలి గోరంత వరకు రకరకాల సైజుల్లో కలపండి. తర్వాత ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని చూడండి. ఒక గుల్ల ముక్క నోటితో తీస్తుంది, అంచున పెడుతుంది, సరిపోకపోతే తీసి పక్కకి తిప్పి మళ్లీ పెడుతుంది, అదీ కుదరకపోతే దూరంగా ఉమ్మేసి ఇంకోటి తెచ్చుకుంటుంది. బావికి రాతికట్టు కట్టినట్టే ఒక్కో వరస పేర్చుకుంటూ వస్తుంది. ఆ సరుకు మనం ఇవ్వాలి, పని అదే చేసుకుంటుంది.

నడుస్తున్న ట్యాంకులో కొత్త ఇసుక ఒక్కసారిగా కుమ్మరించవద్దు. కడిగిన నీళ్లు తేటగా వచ్చేంత వరకూ ఇసుకని కడిగి, వెడల్పాటి పైపు అడుగుదాకా పెట్టి దానిలోంచి కొంచెం కొంచెంగా, నాలుగైదు రోజుల మీద నింపండి. పాత ఇసుకని కెలకొద్దు. అడుగున పేరుకున్న మడ్డి కదిలితే అమ్మోనియా లేస్తుంది. మొదలు పెట్టించడానికి అంగుళం వ్యాసం ఉన్న పీవీసీ పైపు ముక్కకి ఎల్బో తగిలించి, ఒక చివర ఇసుక మట్టానికి వచ్చేలా వాలుగా పూడ్చండి. చాలా చేపలు మొదటి రోజే అందులో చేరతాయి. కొన్ని మూతి తిప్పుకుని పక్కనే సొంతంగా తవ్వుకుంటాయి. అలా అయితే వాటిష్టానికి వదిలేయండి.

రాళ్లు ఇసుక మీద పెట్టారు కాబట్టే ఒరిగింది. అడుగు అద్దం మీదనే రాళ్లు కూర్చోబెట్టి, స్థిరంగా ఉన్నాయో లేదో తోసి చూసి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. లేకపోతే ఇది కింద తవ్వుతుంది, రాయి మీద పడి నలిగిపోతుంది, ఒక్కోసారి అద్దమే పగులుతుంది. ఇసుక ముందా రాయి ముందా అని చాలామంది పట్టించుకోరు. జాఫిష్ ట్యాంకులో మాత్రం అది ప్రాణం మీదకి తెస్తుంది.

చచ్చిపోయిన చేప గురించి. జాఫిష్‌కి ఎగిరే అలవాటు ఎక్కువ, ముఖ్యంగా కొత్తలో, ముఖ్యంగా లైటు టప్పున ఆరినప్పుడు. పావు అంగుళం కన్నాల వల ట్యాంకు అంతటా బిగించండి. పైపులు, వైర్లు దిగే మూలల్లో వదిలేసే సందులోంచే అది పోతుంది, అక్కడ కూడా వల కత్తిరించి సరిగ్గా అతికించాలి. ట్యాంకు లైటు ఆర్పేముందు గది లైటు వేసి ఉంచండి, అరగంట తర్వాత గది లైటు ఆర్పండి. మొదటి వారం రాత్రుళ్లు సన్నటి నీలి లైటు ఉంచితే ఇంకా మంచిది.

నీలి డామ్సెల్‌ని తీసేయాల్సిందే. ముందే స్థిరపడిన డామ్సెల్ ఉన్నచోటికి తర్వాత వచ్చిన నెమ్మది చేపని అది తరుముతూనే ఉంటుంది. మీరు చూడనప్పుడే ఎక్కువ తరుముతుంది. క్లౌన్‌ఫిష్‌లు, క్లీనర్ ష్రింప్ ఉండొచ్చు. ఇకముందు డాటీబ్యాక్, హాక్‌ఫిష్, ట్రిగ్గర్, పెద్ద రాస్ చేపలు తేవద్దు. ఇసుక తవ్వే గోబీలు కూడా వద్దు, నేల కోసం గొడవలు వస్తాయి. ఫైర్‌ఫిష్, కార్డినల్ వంటివి ఫరవాలేదు.

నీటి విషయానికి వస్తే, 25 పీపీటీ చెరువులో పెంచే వనామీ రొయ్యకి చాలా బాగుంటుంది కానీ ఇది పగడపు దిబ్బల చేప. 33 నుంచి 35 ఉండాలి. తక్కువ ఉప్పులో పరాన్నజీవి చస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దానికి అంతకంటే బాగా కిందకి, 14 పీపీటీ లోపుకి దించాలి. 25లో దానికి ఏమీ కాదు, మీ క్లీనర్ ష్రింప్‌కే ఇబ్బంది. రోజుకి 1 పీపీటీ చొప్పున పెంచండి. ఆవిరైన నీటి స్థానంలో మంచినీళ్లకి బదులు మెరైన్ సాల్ట్ కలిపిన నీళ్లు పోస్తూ వస్తే అదే పెరుగుతుంది. 34కి చేరాక మళ్లీ ఆర్‌వో నీళ్లే పోయాలి. మెరైన్ సాల్ట్ అంటే అక్వేరియం కోసం తయారుచేసినదే, వంట ఉప్పు పనికిరాదు. పీహెచ్ 8.1 నుంచి 8.4, ఆల్కలినిటీ 140 నుంచి 180 పీపీఎం, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 లోపు ఉండేలా చూసుకోండి. వేడి 24 నుంచి 26 డిగ్రీలు. ఎండాకాలం 28 దాటుతుంటే నీటి మీదకి చిన్న ఫ్యాను పెడితే రెండు డిగ్రీల దాకా తగ్గుతుంది. కానీ ఆవిరి పెరుగుతుంది, రోజూ నీళ్లు చూసుకోవాలి. పీహెచ్ కొంచెం తగ్గిందని చెరువులో లాగా సున్నం, డోలమైట్ చల్లేయకండి. 200 లీటర్లలో ఒక చెంచా తేడా కూడా చేపకి పెద్ద దెబ్బ.

మేత. జాఫిష్ తిండి వెంట పరిగెత్తదు, బొరియ ముందుకి వచ్చినదే తింటుంది. పైనుంచి చల్లితే క్లౌన్‌ఫిష్‌లు అందుకుంటాయి, ఇది పస్తు. ఫ్రోజెన్ మైసిస్, పోషకాలు పట్టించిన ఆర్టీమియా (రెండూ రొయ్యల్లాంటి చిన్న జీవులు), సముద్రపు రొయ్యల సన్నటి తురుము వంటివి ట్యాంకు నీటిలో కరిగించి, పొడవాటి పిపెట్‌తో బొరియకి జానెడు దూరంలో, ప్రవాహానికి ఎగువన నెమ్మదిగా వదలండి. పంపు పది నిమిషాలు తగ్గించండి. రోజుకి రెండు మూడు సార్లు, కొంచెం కొంచెం. చెరువులో మేత ఎంత మిగిలిందో చెక్ ట్రేలో చూసే కన్ను మీకు ఉంది కాబట్టి మిగిలింది ఎంతో పసిగట్టడం కష్టం కాదు. ఐదు నిమిషాల తర్వాత అడుగున మేత కనిపిస్తే ఎక్కువ వేసినట్టే. మళ్లీ చెబుతున్నాను, రొయ్య మాత్రం మీ చెరువుది కాకూడదు.

ఇవన్నీ చేస్తూనే చుక్కలు గమనిస్తూ ఉండండి. క్రిప్టోకారియాన్ అని తేలితే జాఫిష్‌ని ఒక్కదాన్నే కాదు, అన్ని చేపల్నీ ఇసుక, రాళ్లు లేని చికిత్స ట్యాంకులోకి మార్చాలి. జాఫిష్ కోసం బొరియని తవ్వి చిందరవందర చేయకండి. అది పీవీసీ పైపులో ఉంటే రెండు చివరలూ మూసి పైపుతో సహా ఎత్తేయవచ్చు. చికిత్స ట్యాంకులో కూడా ఆ పైపు తప్పనిసరిగా ఉంచండి, మీద వల కూడా. అక్కడ కాపర్ వాడొచ్చు. సీసా మీద రాసిన మోతాదు మించకుండా, రోజూ కాపర్ టెస్ట్ కిట్‌తో కొలుస్తూ వాడాలి. కంటితో అంచనా వేసే మందు కాదు అది. అసలు ట్యాంకు పది, పదకొండు వారాలు చేపలు లేకుండా నడవాలి. ష్రింప్ అక్కడే ఉండొచ్చు. ఆ గడువు తగ్గిస్తే తిత్తుల్లో మిగిలినవి మళ్లీ పట్టుకుంటాయి. చుక్కలు ఇసుక రేణువులే అని తేలితే ఈ తతంగం ఏదీ అక్కర్లేదు.

ముందుముందు జత కుదిరితే మరో విషయం చూసి కంగారు పడతారు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను. ఎల్లోహెడ్‌లో మగది గుడ్లని నోట్లోనే పొదుగుతుంది. వారం, తొమ్మిది రోజుల పాటు నోరు ఉబ్బి, మేత తగ్గించి, అప్పుడప్పుడు గుడ్ల ముద్దని బయటికి తెచ్చి లోపలికి లాక్కుంటూ ఉంటుంది. దవడకి వాపు వచ్చిందని వల వేసి పట్టుకోవద్దు.

ఇక నీలి చుక్కల జాఫిష్ మీ ట్యాంకుకి సరిపోదు. అది కాలిఫోర్నియా సింధుశాఖ చేప, చల్లటి నీళ్లది. 20 నుంచి 23 డిగ్రీల మధ్య ఉంచాలి, అంటే చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదు. మీ క్లౌన్‌ఫిష్‌లున్న వేడిలో పెడితే కొన్ని నెలల్లోనే నీరసించిపోతుంది, పక్కల మీద ఎర్రటి పుండ్లు లేస్తాయి. అంత మనసు పడితే దాని కోసం విడిగా ఇంకో ట్యాంకు, చిల్లర్‌తో సహా పెట్టుకోండి. ఈ ట్యాంకులో తోడు కావాలంటే, బొరియ స్థిరపడి బాగా తింటున్నాక ఇంకో ఎల్లోహెడ్ తెచ్చుకోండి. దాన్నీ నాలుగు వారాలు పైపు ఉన్న వేరే ట్యాంకులో ఉంచి, ఆ తర్వాతే దీంతో కలపండి.