రక్తదానంలో వెస్ట్ నైల్ పాజిటివ్: ఇంట్లోవాళ్లకు సోకుతుందా?

ప్రశ్న: నా వయసు 38. అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నాను. ఆగస్టులో రక్తదానం చేస్తే, అందులో వెస్ట్ నైల్ వైరస్ ఉందని, ఆ రక్తాన్ని ఎవరికీ ఎక్కించలేదని ఉత్తరం వచ్చింది. తర్వాత కౌంటీ ఆరోగ్యశాఖవారు ఫోన్ చేసి, ఈమధ్య ఎక్కడెక్కడ తిరిగారని అడిగారు. నాకు జ్వరమే రాలేదు. మందులు వాడాలా? హైదరాబాద్ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకు నా నుంచి సోకుతుందా?

జవాబు: జ్వరం రాకపోవడంలో వింతేమీ లేదు. దోమకాటుతో వచ్చే ఈ వైరస్ సోకిన ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి ఏ లక్షణాలూ కనిపించవు. సుమారు 150 మందిలో ఒకరికి మాత్రం అది మెదడుకో, దాని పొరలకో పాకి ప్రమాదకరంగా మారుతుంది. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, మీకు అవసరమూ లేదు. వైరస్ సాధారణంగా కొద్ది రోజుల్లోనే రక్తంలోంచి పోతుంది. అయితే రెండు వారాలపాటు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ పట్టేయడం, కాళ్లూచేతుల్లో బలహీనత వంటివి కనిపిస్తాయేమో గమనించుకొని, కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. మళ్లీ రక్తదానానికి 120 రోజులు ఆగాలి.

2002లో అమెరికాలో రక్తమార్పిడి ద్వారా 23 మందికి ఈ వైరస్ సోకినట్లు తేలాక, 2003 నుంచి దాతల రక్తంలో వైరస్ జన్యుపదార్థం కోసం నేరుగా వెతకడం మొదలుపెట్టారు. మామూలు రోజుల్లో ఆరుగురివో, పదహారుగురివో నమూనాలను కలిపి పరీక్షిస్తారు. ఆ ప్రాంతంలో పాజిటివ్‌లు బయటపడితే ఒక్కొక్కరి రక్తాన్నీ విడిగా చూస్తారు. రోగి ఆరోగ్యశాఖ లెక్కలోకి రావాలంటే జబ్బుపడి, ఆస్పత్రికి వెళ్లి, పరీక్ష చేయించుకోవాలి. మీలాంటి దాత మాత్రం ఆరోగ్యంగా తిరుగుతుండగానే దొరుకుతారు. దాతలంతా ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లే కాబట్టి ఊరు మొత్తం లెక్క దీనితో తేలదు గానీ, వైరస్ ఏ పేటలో, ఏ వారంలో తిరుగుతోందో ముందే తెలుస్తుంది. ఆ ఫోన్ అందుకే. విసుగనిపించినా వివరంగా చెప్పండి.

మీ అమ్మానాన్నలకు మీ నుంచి సోకదు. మిమ్మల్ని కుట్టిన దోమ ద్వారా కూడా సోకదు, ఎందుకంటే దోమకు అంటుకునేంత వైరస్ మనిషి రక్తంలో ఉండదు. దోమలకు అది పక్షుల నుంచి వస్తుంది. నేను ఆలోచించేది మీకు వైరస్ అంటించిన దోమ గురించి. అది మీ పెరట్లోదే కావచ్చు, అరవై దాటినవారికీ మధుమేహం ఉన్నవారికీ ముప్పు ఎక్కువ. సందెవేళ చెరువు గట్టున నడకకు వెళ్లేటప్పుడు వారికి పొడుగు చేతుల బట్టలు వేయించి, డీట్ ఉన్న దోమల మందు రాయండి. పెరట్లో తులసి కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లను ఈరోజే పారబోయండి.