గిన్నెల మీది తెల్ల పొరకు ఎండ మందు కాదు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌కు బోరు నీరే ఆధారం. గిన్నెల మీద తెల్లటి పొర కడుతోంది. ఈ మధ్య ఒకాయన వచ్చి, టైటానియం డయాక్సైడ్ పూసిన పలకలు డాబా మీది ట్యాంకులో వేలాడదీస్తే ఎండే నీటిని శుద్ధి చేస్తుందని, ఆర్వో యంత్రం అక్కర్లేదని చెప్పాడు. గ్లాసు నీటిలో నీలం రంగు కలిపి, పలక ముంచి ఎండలో పెట్టాడు. మధ్యాహ్నానికి రంగు పోయింది. అసోసియేషన్ వాళ్లు కొందామంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: కొనవద్దమ్మా. ఆయన చెప్పిన శాస్త్రం నిజమే, అమ్ముతున్న చోటు తప్పు.

టైటానియం డయాక్సైడ్ అంటే మన గోడల రంగుల్లో తెలుపునిచ్చే పొడే. దానిమీద వెలుగు పడితే నీరు ఆక్సిజన్, హైడ్రోజన్‌లుగా విడిపోతుందని 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ప్రకటించారు. అతినీలలోహిత కిరణం తగిలినప్పుడు అందులోని ఎలక్ట్రాన్ పైకి ఎగురుతుంది. అది వదిలిన ఖాళీ, పక్కనున్న నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. ఇది మహా దూకుడు మనిషి. ఎదురుపడిన రంగును, పురుగుమందును, మాత్రల అవశేషాన్ని ముక్కలు చేసి, తగినంత సమయమిస్తే కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చేస్తుంది. ఎండ పడే పాత గోడ మీద చేయి రాస్తే తెల్లపొడి అంటుతుంది చూడండి, అందులోనూ దీని చేయి ఉంటుంది: తనను పట్టి ఉంచిన జిగురునే తినేస్తుంది.

అయితే మీ గిన్నెల మీది పొర కాల్షియం, మెగ్నీషియం లవణాలది. అందులో ముక్కలు చేయడానికి ఏముంది? కాల్షియం మూలకం. ఎన్నాళ్లు ఎండబెట్టినా కాల్షియంగానే ఉంటుంది. ఫ్లోరైడ్, సీసం కూడా అంతే. పైగా ఇలాంటి లవణాలు ఎక్కువున్న నీటిలో, అంటే కఠిన జలంలో, ఉండే బైకార్బనేట్ ఆ రాడికల్‌ను దారిలోనే మింగేస్తుంది. కొన్నాళ్లకు పలక మీదా తెల్ల పొర కడుతుంది. ఇంతకీ మీ ట్యాంకుకు మూత ఉంది కదా? మూత వేస్తే ఎండ రాదు, తీస్తే దోమలు, పాచి. ఎండంతా లోపలికి వచ్చినా, ఈ పదార్థం వాడుకోగల అతినీలలోహిత భాగం అందులో నాలుగైదు శాతమే. రాడికల్ ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు ప్రాంతం. కాలుష్యమే పలక దగ్గరికి రావాలి తప్ప అది వెతుక్కుంటూ వెళ్లలేదు.

ఇక నీలం రంగు సంగతి. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన రోజుల్లో నేనూ మిథిలీన్ బ్లూతో పిల్లలకు ఈ ప్రయోగం చూపించేవాణ్ణి. చూడముచ్చటగా ఉంటుంది, అందుకే అమ్మేవాళ్లకూ ఇష్టం. ఆయన్ని మరో రెండు గ్లాసులు పెట్టమనండి: ఒకటి పలక లేకుండా ఎండలో, ఇంకొకటి పలకతో చీకట్లో. ఉత్త ఎండకే కొంత రంగు వెలుస్తుంది, పలకకు అంటుకునీ కొంత పోతుంది. రంగు పోయినంత మాత్రాన అణువు పూర్తిగా నాశనమైనట్టూ కాదు. తర్వాత మీ బోరు నీటిలోనే, పలక ముంచక ముందూ తర్వాతా టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు పెట్టించండి. ఆ అంకె తగ్గకపోవడం చూశాక అసోసియేషన్ వాళ్లకు నా జవాబుతో పనుండదు.

ఈ విద్యకు అసలు చోటు మీ డాబా కాదు, పటాన్‌చెరు లాంటి చోట్ల మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలం. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించిందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. శుద్ధి తొట్టెల్లో మురికిని తినవలసిన బ్యాక్టీరియాను యాంటీబయాటిక్ దెబ్బతీస్తుంది. అలాంటి అణువులను వెలుగుతో ముందే కొంత విరిచి, మిగతాది బ్యాక్టీరియాకు అప్పగించడం తెలివైన పద్ధతి. అక్కడా చిక్కులున్నాయి. పొడిగా కలిపితే తిరిగి వడకట్టడం కష్టం, పలకకు పూస్తే వేగం తగ్గుతుంది. ఆషాఢ శ్రావణాల మబ్బులకు దీపాలూ సిద్ధంగా ఉంచుకోవాలి. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో, వెలుగుతో పనిచేసే ఇలాంటి ఉత్ప్రేరకాల మీద పరిశోధన జరిగింది.

మీరు ముందు బోరు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు కాఠిన్యం 200, ఫ్లోరైడ్ 1, నైట్రేట్ 45, టీడీఎస్ 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. వేరే నీటి వనరు లేకపోతే నైట్రేట్‌కు తప్ప మిగతా మూడింటికీ కొంత సడలింపు ఉంది. కాఠిన్యం ఒక్కటే ఎక్కువైతే దాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రం చాలు. ఫ్లోరైడో నైట్రేటో హద్దు దాటితే తాగే నీటికి మాత్రం ఆర్వో ఉంచుకోండి.