సలమాంకాలో స్పానిష్ కుటుంబంతో ఉండాలా, తెలుగు అమ్మాయిలతో ఫ్లాట్‌లోనా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ స్పానిష్ పూర్తి చేసింది. సెప్టెంబర్ నుంచి తొమ్మిది నెలల కోర్సు కోసం స్పెయిన్‌లోని సలమాంకా వెళ్తోంది. అక్కడివాళ్లు ఒక స్పానిష్ కుటుంబం ఇంట్లో ఉండే ఏర్పాటు చేస్తామంటున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంట్లో ఆడపిల్లను ఎలా ఉంచుతాం? పైగా మేము శాకాహారులం, గుడ్డు మాత్రం తింటాం. ఇద్దరు తెలుగు అమ్మాయిలు ఫ్లాట్ తీసుకుంటున్నారట, వాళ్లతో చేరమంటున్నాం. తను ఎటూ తేల్చుకోలేకపోతోంది. (ఒక తల్లి, నరసరావుపేట)

జవాబు:

అమ్మా, ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కుటుంబంతోనే ఉండనివ్వండి, కనీసం మొదటి నాలుగు నెలలు, అంటే క్రిస్మస్ సెలవులు అయ్యేదాకా. ఆ తర్వాత ఫ్లాట్‌కి మారాలనిపిస్తే మారొచ్చు, అప్పటికి ఊరూ తెలుస్తుంది, నోరూ తిరుగుతుంది. ముందు ఫ్లాట్‌లో దిగి, తర్వాత కుటుంబంలోకి మారినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

మీరు ఇంత ఖర్చు పెడుతున్నది దేనికో ఒకసారి ఆలోచించండి. క్లాసు రోజుకి నాలుగైదు గంటలు. మిగతా టైమంతా తెలుగులో మాట్లాడుకుని, తెలుగు వంట చేసుకుని, తెలుగు సినిమా చూసి పడుకుంటే అమ్మాయి ఆ నాలుగైదు గంటల స్పానిష్‌తోనే తిరిగొస్తుంది, ఆ మాత్రం ఇక్కడే ఉండి నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో స్పానిష్ వచ్చినవాళ్లకు కస్టమర్ సపోర్ట్, కంటెంట్ రివ్యూ, అనువాదం, విదేశీ కంపెనీల బ్యాక్ ఆఫీసు లాంటి ఉద్యోగాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు బి2 స్థాయి, అంటే తడుముకోకుండా మాట్లాడగలిగే స్థాయి, అడుగుతాయి, ఇంటర్వ్యూలో స్పానిష్‌లోనే మాట్లాడిస్తారు. అక్కడ తడబడితే బీఏ మార్కులు ఆదుకోవు. తిరిగొచ్చేలోపు అక్కడే సెర్వాంతెస్ సంస్థ పెట్టే దేలె అనే స్పానిష్ భాషా పరీక్ష బి2 స్థాయిలో రాయించండి, ఆ సర్టిఫికెట్‌కి గడువు తేదీ ఉండదు, పదేళ్ల తర్వాత కూడా చూపించుకోవచ్చు. ఆ పరీక్షలో మాట్లాడే భాగం ఒకటి విడిగా ఉంటుంది, మన పిల్లలు భయపడేది అక్కడే.

ఆ భయం పోయేది భోజనాల బల్ల దగ్గర. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండున్నర, మూడు గంటలకి, రాత్రి భోజనం తొమ్మిదిన్నరకి. తిన్నాక వెంటనే ఎవరూ లేవరు, అరగంటో గంటో అలా కూర్చుని మాట్లాడుకుంటారు. దానికి వాళ్ల భాషలో సోబ్రెమేసా అని పేరే ఉంది. టీవీలో మూడు గంటల వార్తలు నడుస్తుంటాయి, ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటారు, కరెంటు బిల్లు దగ్గర మొదలై ఎవరి పెళ్లి దగ్గరో తేలుతుంది. మొదటి నెల మీ అమ్మాయికి సగం కూడా అర్థం కాదు, తల నొప్పి వస్తుంది, అయినా కూర్చోవాలి. మన ఇళ్లలో తినేటప్పుడు మాటలేంటి అని పెద్దవాళ్లు కసురుతారు, తిని చెయ్యి కడుక్కుని లేవడమే మనకు పద్ధతి. అక్కడ అలా లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే, పిల్లకి ఏమైనా కోపం వచ్చిందా, వంట నచ్చలేదా అని ఆ ఇంటావిడ బాధపడుతుంది. నేను పంపించిన ఒకబ్బాయి ఇలాగే నెలన్నర గదిలో కూర్చుని చదువుకుని, ఆంటీ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు సార్ అని ఫోన్ చేశాడు. ఆవిడేమో ఈ అబ్బాయికి మాతో మాట్లాడటం ఇష్టం లేదని కాలేజీలో చెప్పిందట.

ఇక భద్రత. మీ భయం న్యాయమైనదే, అందుకే ఈ విషయాలు నోటిమాటగా కాదు, మెయిల్లో అడగండి. ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, గది తనకొక్కదానికేనా, లోపల గడియ ఉందా, ఇంకే దేశం విద్యార్థులైనా అక్కడే ఉంటారా, కాలేజీవాళ్లు ఆ ఇల్లు స్వయంగా వెళ్లి చూశారా, ఎన్నేళ్లుగా పిల్లల్ని పంపుతున్నారు, నచ్చకపోతే ఎన్ని రోజుల్లో ఇల్లు మారుస్తారు. ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆ ఏర్పాటు వద్దు. కుటుంబం అనగానే భార్యాభర్తలు, పిల్లలు అనుకోకండి, పిల్లలు స్థిరపడి వెళ్లిపోయాక ఒంటరిగా ఉంటున్న పెద్దావిడలు చాలామంది ఇలా విద్యార్థుల్ని పెట్టుకుంటారు. మీ అమ్మాయికి అలాంటి ఇల్లు దొరికితే నేనైతే సంతోషిస్తాను, మాట్లాడటానికి ఆవిడకు బోలెడు తీరిక ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాట్లాడుకునే ఇద్దరు ముగ్గురు విద్యార్థులున్న ఇల్లు మాత్రం వద్దని చెప్పండి. ఊరి విషయంలో టెన్షన్ అక్కర్లేదు, సలమాంకా 1218 నుంచి విశ్వవిద్యాలయం ఉన్న ఊరు, బయటి పిల్లలు వాళ్లకు కొత్త కాదు. పైగా బార్సిలోనాలోలాగా ఇంట్లో అక్కడి సొంత భాష కాటలాన్, బయట స్పానిష్ అనే ఇబ్బంది ఇక్కడ లేదు.

తిండి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ ఉత్తరంలో అసలు బెంగ అదేనని నాకు అనిపించింది. సలమాంకా జిల్లాలోనే గిహువేలో అనే ఊరుంది, పంది తొడని ఉప్పుపెట్టి నెలల తరబడి ఆరబెట్టి చేసే హామోన్‌కి పేరున్న ఊరు. అక్కడ మాంసం తిననంటే చాలామందికి వెంటనే బోధపడదు. 'నో కోమో కార్నే' అని ఊరుకుంటే, కార్నే అంటే వాళ్ల లెక్కలో మాంసం ముక్కే కాబట్టి, ట్యూనా చేప వేసిన సలాడ్ ప్రేమగా తెచ్చి పెడతారు. కాబట్టి కోడి, చేప, హామోన్, మాంసం ఉడికించిన నీళ్లు అన్నీ పేరుపేరునా చెప్పాలి: 'ని పోయో, ని పెస్కాదో, ని హామోన్, ని కాల్దో దె కార్నే'. ఇది వెళ్లకముందే కాలేజీకి రాసిపెట్టాలి, వెళ్లిన రోజు ఇంటావిడకు మళ్లీ చెప్పాలి. లెంతెహాస్ అంటే మన పప్పులాంటిదే అని సంబరపడతాం, అందులో చోరీథో అనే పంది మాంసం సాసేజ్ ముక్కలు వేసి ఉడికించడం వాళ్ల అలవాటు, విడిగా చెయ్యమని ముందే అడగాలి. గుడ్డు తింటుంది కాబట్టి సగం కష్టం తీరినట్టే. బంగాళదుంపలు, గుడ్లతో దిబ్బరొట్టెలా మందంగా చేసే తోర్తియా ఉంది, కూరగాయలతో పిస్తో ఉంది, శనగలతో పాలకూర ఉంది, పెరుగు ఏ షాపులోనైనా దొరుకుతుంది. కారం మాత్రం ఉండదు. ఆవకాయ, కందిపొడి పంపండి. నెయ్యి సీసా, పాలకోవా పెట్టకండి, యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాలపదార్థాలు, మాంసం సామానులో తేనివ్వరు, పచ్చి కరివేపాకుకి కూడా సర్టిఫికెట్ కావాలి. వంటగది వాడుకోనిస్తారో లేదో ముందే అడగండి, చాలా ఇళ్లలో ఫ్రిజ్, మైక్రోవేవ్ వరకే.

పాపా, ఈ ముక్క నీకు. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగకు. మనకు చెప్పులు గుమ్మం బయట విడవడం మర్యాద, అక్కడ ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు వేరే ఉంటాయి, ఉత్త కాళ్లతో కనిపిస్తే జలుబు చేస్తుందని రోజూ చివాట్లు తింటావు. సలమాంకా సముద్రమట్టానికి 800 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలం రాత్రులు సున్నా కిందికి పోతాయి, ఆవిడ చెప్పేది నిజమే. వేడినీళ్ల కింద ఇరవై నిమిషాలు నిలబడకు, చాలా ఇళ్లలో ట్యాంకులో ఉన్నంత వరకే వేడి, తర్వాతివాళ్లకు చన్నీళ్లే. ఇంటావిడను పేరు పెట్టే పిలువు, అరవై ఏళ్ల మనిషిని పేరుతో పిలవడం నీకు తప్పులా అనిపిస్తుంది కానీ అక్కడ అదే చనువు. అత్తయ్యా అనే ఉద్దేశంతో 'తీయా' అనకు, సొంత అత్తను కాకుండా ఇంకెవరినైనా అలా పిలిస్తే మన 'ఏమే' లాంటిది. పలకరించేటప్పుడు రెండు చెంపలూ ఆనిస్తారు, అది మీ నాన్నగారికి ముందే చెప్పి వెళ్లు.

కాగితాల పని ఒకటి మరచిపోవద్దు. ఆరు నెలలు దాటి ఉండే విద్యార్థి అక్కడ దిగిన నెలలోపు తీయే అనే గుర్తింపు కార్డుకి దరఖాస్తు చేసుకోవాలి, దానికి చాలాచోట్ల మున్సిపాలిటీలో చిరునామా నమోదు చేయించిన కాగితం అడుగుతారు. కొంతమంది ఇంటివాళ్లు తమ చిరునామాలో నమోదుకు ఒప్పుకోరు. డబ్బు కట్టే ముందే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి.

చివరిగా, అమ్మా, మీ ఫోన్ల గురించి. స్పెయిన్ మనకంటే ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. మీరు సాయంత్రం పనులు ముగించుకుని ఆరున్నరకో ఏడింటికో చేస్తే అక్కడ సరిగ్గా మధ్యాహ్న భోజనం, అమ్మాయి ఫోన్ పట్టుకుని బల్ల మీంచి లేచిపోతుంది. రాత్రి భోజనాలు చేసుకుని తొమ్మిదిన్నరకి చేయండి. అక్కడ సాయంత్రం ఐదో ఆరో అవుతుంది, ఆ టైముకి తను ఖాళీగా ఉంటుంది, మీరూ తీరిగ్గా మాట్లాడొచ్చు. మొదటి నెలలో ఏడుస్తూ ఫోన్ చేస్తే వెంటనే ఫ్లాట్‌కి మారిపొమ్మనకండి, ఈ రోజు భోజనంలో ఏం పెట్టారు, ఏం మాట్లాడుకున్నారు అని అడగండి.