రెండు కార్ల మధ్య తేల్చుకోలేకపోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. రెండు కంపెనీల కార్లు పక్కపక్కన పెట్టుకుని నెల రోజులుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన పట్టిక చూశాను. పొడవులో తేడా 15 మి.మీ., పవర్‌లో తేడా ఐదు హార్స్‌పవర్, ఎయిర్‌బ్యాగులు అక్కడా ఆరే, ఇక్కడా ఆరే. ఆ పట్టికతో ఎవరూ తేల్చలేరు తల్లీ. పోటీ కంపెనీలు ఎదుటివాళ్ల బండిని కొని, నట్టు నట్టు విప్పి, ఒక్కో భాగాన్నీ తూకం వేసి చూసుకుంటాయి. బ్రోచర్‌లో అచ్చయ్యే అంకెల్లో వెనకబడకుండా జాగ్రత్త పడతాయి. ఖర్చు తగ్గించుకునేది ఎక్కువగా బ్రోచర్‌కెక్కని చోట్ల. సీటు కింద ఫోమ్, తలుపు రబ్బరు, షాక్ అబ్జార్బరు, గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్, హెడ్‌లైటు వెలుగు లాంటివన్న మాట. నువ్వు వెతకాల్సిందీ అక్కడే.

ముందు పేరు సంగతి చెబుతాను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి 1984లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఫ్యాక్టరీలో టొయోటా కొరోలా, జనరల్ మోటార్స్ వాళ్ల జియో ప్రిజ్మ్ అని రెండు కార్లు తయారయ్యేవి. చేసే చేతులు అవే, లోపలి యంత్రాంగం దాదాపు ఒకటే. అయినా ప్రిజ్మ్ తక్కువ ధరకు పోయేది, పాతబడ్డాక విలువ కూడా ముందు దానిదే పడిపోయేది. బ్యాడ్జీ మీది నమ్మకం బండి మీది నమ్మకంగా ఎలా మారిపోతుందో చూశావా! ఇప్పుడు ఇలాంటివి ఇంకా ఎక్కువ. ఫోక్స్‌వ్యాగన్ 2012లో తెచ్చిన ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్ (కారు కట్టే అడుగు నిర్మాణం) మీదే గోల్ఫ్, ఆడీ ఏ3, స్కోడా ఆక్టేవియా వచ్చాయి. కాబట్టి నీ రెండు కార్లకూ ప్లాట్‌ఫామ్, ఇంజన్, గేర్‌బాక్స్ ఎక్కడివో ముందు కనుక్కో. తిరిగి అమ్మేటప్పుడు పేరుకు డబ్బు పలుకుతుంది కనుక దాన్ని ఖర్చుల లెక్కలో వేసుకో. నడకకు మార్కులు వేసేటప్పుడు మాత్రం పక్కన పెట్టు.

పట్టికలో పవర్ కింద ఎర్రగీత గీశావు. పెట్రోల్ ఇంజన్‌లో ఆ అంకె మామూలుగా 5,000–6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర వచ్చేది. రోజువారీ నడకలో ముల్లు 1,500–2,500 మధ్యే తిరుగుతుంది. అక్కడి బలం తెలియాలంటే టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం ఎంతో, అది ఏ ఆర్‌పీఎం దగ్గర అందుతుందో చూడాలి. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగించు, ఆ క్షణాన ఇంజన్ ఇచ్చే మెట్రిక్ హార్స్‌పవర్ వస్తుంది. 1,800 దగ్గర ఒక టర్బో ఇంజన్ (ఎగ్జాస్ట్ వాయువుతో టర్బైన్ తిప్పి లోపలికి ఎక్కువ గాలి తోసేది) 170 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే లెక్క దాదాపు 44. టర్బో లేని ఇంజన్ అక్కడ 120 ఇస్తే 31 కూడా రాదు. బ్రోచర్‌లో రెండిటికీ 115 అనే ఉండొచ్చు. అలాగని టర్బోనే మేలని అనుకోకు. 1,500 కిందకు పడితే ఎగ్జాస్ట్ వాయువు చాలక టర్బైన్ వేగం అందుకోదు, బరువంతా ఆ చిన్న ఇంజన్ మీదే పడుతుంది. మలుపు తిరిగి రెండో గేరులో ఎక్కేటప్పుడు బండి ఒక క్షణం తటపటాయించి, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మాన్యువల్ అయితే ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో గంటకు 30 కి.మీ. నుంచి 60 దాకా తీసుకెళ్లు, పక్కన కూర్చున్నవాళ్లు సెకన్లు లెక్కపెట్టాలి. సున్నా నుంచి వంద అంకె కన్నా నీకు ఇది పనికొస్తుంది.

ఇక టెస్ట్ డ్రైవ్. పోలిక చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒక బండిని ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా, రెండోదాన్ని బుధవారం సాయంత్రం రద్దీలో నలుగురితో నడిపితే నువ్వు పోల్చింది రోడ్లను. రెండూ ఒకే రోజు, ఒకే దారి, అదే మనుషులు, ఏసీ ఒకే అంకె మీద. దారి నువ్వే ఎంచుకో. ఎనిమిది పది కిలోమీటర్లలో గతుకుల ముక్క ఒకటి, రెండు స్పీడ్ బ్రేకర్లు, ఒక ఎత్తు, ఇరుకైన యూటర్న్, 80లో పోగలిగే ముక్క ఒకటి ఉండాలి. ఎక్కగానే పాటలు ఆపించు. షోరూమ్ వాళ్లు టాప్ మోడల్ ఇస్తారు. నువ్వు కొనేది మధ్య మోడల్ అయితే అదే ఇంజన్, అదే గేర్‌బాక్స్, అదే చక్రం ఉన్న బండి దొరికేదాకా ఆగు. మొదటిది, రెండోది, మళ్లీ మొదటిది, ఈ వరసలో నడుపు. చేతులు, కాళ్లు పాత బండికి అలవాటు పడి ఉంటాయి కనుక మొదట ఎక్కిన కారు క్లచ్, బ్రేక్ తేడాగా అనిపించి మార్కులు పోగొట్టుకుంటుంది. మళ్లీ ఎక్కినప్పుడు ఆ తేడా పోయిందంటే అది అలవాటు సమస్య. పోలేదంటే బండి సమస్య. దిగిన పది నిమిషాల్లోపే నోట్‌బుక్‌లో రాసుకో, రెండో బండి ఎక్కాక మొదటిది సరిగ్గా గుర్తుండదు.

కదిలే ముందు టైర్లలో గాలి చూడు. ఇది చాలామంది వదిలేస్తారు. నిలవ ఉంచేటప్పుడు టైర్లు అణగకుండా గాలి ఎక్కువ కొట్టిన బండి అలాగే టెస్ట్ డ్రైవ్‌కు రావచ్చు. తలుపు స్తంభం మీది స్టిక్కర్‌లో ఉన్నదానికన్నా ఐదారు పీఎస్‌ఐ ఎక్కువుంటే ప్రతి గుంతా నడుముకు తగులుతుంది, నువ్వేమో సస్పెన్షన్‌ను తిట్టుకుంటావు. చిన్న గేజీ వెంట తీసుకెళ్లి చల్లటి టైరు మీద కొలువు. చక్రం సైజూ అంతే ముఖ్యం. 205/55 ఆర్16 టైరుకు పక్క గోడ ఎత్తు 205లో 55 శాతం, అంటే సుమారు 113 మి.మీ. అదే కారుకు 225/40 ఆర్18 వేస్తే 90 మి.మీ. మాత్రమే. దెబ్బను మింగే రబ్బరు 23 మి.మీ. తగ్గిపోయింది. పెద్ద చక్రం చూడ్డానికి బాగుంటుంది, కాదనను. గతుకుల రోడ్ల మీద తిరిగేవాళ్లకు నేనైతే చిన్న చక్రమే చెబుతాను.

సీటు సరిచేసుకునేటప్పుడు వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచున ఆనాలి, క్లచ్ గానీ బ్రేక్ గానీ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. ఇందుకోసం స్టీరింగ్ ఎత్తుతో పాటు ముందుకూ వెనక్కీ జరగాలి. చాలా మధ్య మోడళ్లలో కోత పడేది ఈ రెండోదానికే. తర్వాత ఆ సీటు కదపకుండా నువ్వే వెళ్లి దాని వెనక కూర్చో. మోకాళ్ల ముందు ఎంత ఖాళీ మిగిలిందో అదీ అసలు లెగ్‌రూమ్. యూటర్న్‌లో ముందు అద్దం పక్క స్తంభం మనిషిని దాచేస్తోందేమో గమనించు.

చప్పుడు పోల్చేటప్పుడు స్పీడోమీటర్‌ను నమ్మకు. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం అది అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం పది శాతం పైన ఇంకో 4 కి.మీ. దాకా వెసులుబాటు ఉంది. అంటే అసలు 80లో ఉన్న బండి 92 చూపినా నిబంధనలోపే. డయల్ మీద రెండూ వంద చూపిస్తున్నా ఒకటి 93లో, ఇంకోటి 98లో పోతుండొచ్చు. నెమ్మదిగా పోయేది నిశ్శబ్దంగా ఉందని మురిసిపోతాం. పక్కనున్నవాళ్ల ఫోన్‌లో జీపీఎస్ వేగం చూసి రెండింటినీ అసలు 80కి తెచ్చి అప్పుడు విను. తలుపు వేస్తే ధబ్‌మని గంభీరంగా వచ్చే శబ్దం దృఢత్వానికి గుర్తని చాలామంది అంటారు. అది తాళం, రబ్బరు, రేకు లోపలి వైపు అంటించే డ్యాంపింగ్ షీటుతో కుదిర్చే శబ్దం. ప్రమాదంలో ప్రాణం కాపాడేది లోపలి చట్రం.

ఆటోమేటిక్ తీసుకుంటే గేర్‌బాక్స్ కోసమే ఒక అరగంట పెట్టుకో, ఎందుకంటే అన్నిటికీ ఆటోమేటిక్ అనే పేరు పెడతారు గానీ నడకలో ఒకదానికొకటి పోలికే లేదు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్ నొక్కే, గేరు మార్చే మోటార్లు తగిలించినది. గేరు మారేటప్పుడు లాగుడు ఒక క్షణం తెగుతుంది, తల ముందుకూగుతుంది. ఆ క్షణాన యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ఊపు తగ్గుతుంది. సీవీటీలో గేరు మెట్లు ఉండవు, అందుకే నున్నగా పోతుంది. గట్టిగా తొక్కితే మాత్రం ఇంజన్ అరుపు ముందు, వేగం తర్వాత. రెండు క్లచ్‌ల డీసీటీ రోడ్డెక్కితే అన్నిటికన్నా చురుకు, కానీ ఇంచి ఇంచి కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం వదులుతూ వేడెక్కుతుంది. ఆయిల్‌లో మునిగి ఉండే రకం ఆ వేడిని తట్టుకున్నంతగా పొడి క్లచ్ రకం తట్టుకోదు. ఏ రకమో తప్పక అడుగు. టార్క్ కన్వర్టర్ ఉన్నదాంట్లో బలం ద్రవం గుండా వెళుతుంది కనుక పాకుడు నడకకు బాగా తట్టుకుంటుంది. నువ్వు రోజూ గంటసేపు రద్దీలో పాకుతావు కాబట్టి నా ఓటు దీనికే. పరీక్ష ఇలా చెయ్యి. ఎత్తు మీద బండి ఆపి, బ్రేక్ వదిలి, రెండడుగులు పాకి మళ్లీ ఆగు. పది సార్లు. కుదుపు, వెనక్కి జారుడు, మాడు వాసన, ఏదొచ్చినా రాసుకో. క్లచ్ ఉన్న ఏ ఆటోమేటిక్‌నూ ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలబెట్టకు, క్లచ్ ప్లేట్ మాడిపోయేది ఆ అలవాటుతోనే.

బ్రేకు చూడ్డానికి వెనక ఎవరూ లేరని అద్దంలో నిర్ధారించుకో, పక్కనున్న సేల్స్ అబ్బాయికి ముందే చెప్పు, అప్పుడు 60 నుంచి గట్టిగా తొక్కి ఆపు. బండి ఒక పక్కకు లాగకూడదు, ముక్కు మరీ నేలకు వంగకూడదు.

స్టార్ రేటింగ్ రెండిటికీ ఐదు అని రాశావు, ఏ ఏడాదివో రాయలేదు. యూరప్‌లో కార్లను ఢీకొట్టించి పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ దగ్గర ఫియట్ పుంటోకి 2005లో ఐదు నక్షత్రాలు, 2017లో సున్నా. బండి ఉన్నచోటే ఉంది, పరీక్ష కఠినమైంది. కాబట్టి సంవత్సరం, ఏ సంస్థ పరీక్ష, ఎయిర్‌బ్యాగులు ఎన్ని ఉన్న మోడల్ అనే మూడూ చూడు. ఎదురుగా ఢీకొట్టే పరీక్ష మార్కులను సుమారు ఒకే బరువున్న కార్ల మధ్యే పోల్చాలి. ఈఎస్‌పీ, అంటే బండి అదుపు తప్పి జారుతుంటే ఒక్కో చక్రానికి తనంతట తానే బ్రేకు వేసి నిలబెట్టే పరికరం, లేని మోడల్ వైపు వెళ్లకు. 1997లో ఒక స్వీడిష్ పత్రిక అడ్డొచ్చిన దుప్పిని తప్పించినట్టు స్టీరింగ్ తిప్పి చూసిన పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ పల్టీ కొట్టింది. కంపెనీ డెలివరీలు ఆపి, సస్పెన్షన్ మార్చి, ఆ మోడల్ మొత్తానికీ ఈఎస్‌పీ ఇచ్చింది. ఖరీదైన కార్లకే పరిమితమైన ఆ పరికరం చిన్న కార్లలోకి దిగడానికి ఆ పల్టీ కూడా ఒక కారణం. ఒక పరీక్ష వల్ల నీకూ నాకూ నిజంగా మేలు జరిగిన సందర్భం అది.

మైలేజీ అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద వచ్చేది. యూరప్‌లో 2017 దాకా వాడిన పాత ఎన్‌ఈడీసీ పరీక్ష 11 కిలోమీటర్లదే, తర్వాతి డబ్ల్యూఎల్‌టీపీ 23 కిలోమీటర్ల పైచిలుకు. వేర్వేరు పరీక్షల అంకెలు పక్కపక్కన పెట్టకు. ఆ మోడల్ వాడుతున్నవాళ్లను అడిగేటప్పుడు డాష్‌బోర్డు చూపేది కాకుండా ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క అడుగు. పంపు మొదటిసారి కట్ అయ్యేదాకా నింపి, కనీసం 300 కి.మీ. తిరిగి, అదే పంపులో మళ్లీ మొదటి కట్ దాకా నింపాలి. డిక్కీ లీటర్లూ ఇలాంటివే. వీడీఏ (జర్మనీ కార్ల కంపెనీల సంఘం) పద్ధతిలో 200×100×50 మి.మీ. దిమ్మెలు పేర్చి లెక్కిస్తారు, సందుల్లోకి కూడా దిమ్మె దూరుతుంది, నీ సూట్‌కేసు దూరదు. సూట్‌కేసే తీసుకెళ్లి పెట్టి చూడు.

సర్వీసు ఖర్చు ఎంత అని అడిగితే రెండు చోట్లా తక్కువే అంటారు. విడిభాగాల కౌంటర్‌కు వెళ్లి హెడ్‌లైట్ సెట్టు, ముందు అద్దం, బంపర్, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ సెట్టు, ఈ ఐదింటి ధరలు రాయించుకో. ఇంజన్ లోపల వాల్వులను నడిపే టైమింగ్‌కు బెల్టు ఉందా, చెయిన్ ఉందా, బెల్టయితే ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కూడా. రెండిట్లో ఒకటి ఈ మధ్యే విడుదలైంది అన్నావు. కొత్త మోడల్ మొదటి నెలల్లో సాఫ్ట్‌వేర్ లోపాలు, రీకాల్‌లు బయటపడుతుంటాయి. తొందర లేకపోతే ఆరు నెలలు ఆగు. రెండోది త్వరలో మారిపోయే పాత మోడల్ అయితే దాని లోపాలు చాలావరకు దిద్ది ఉంటారు, బేరం కూడా కుదురుతుంది. రూపం మారగానే అమ్మకం విలువ తగ్గుతుందని మాత్రం గుర్తుపెట్టుకో.

రెండు బండ్లనూ ఒకసారి చీకటి పడ్డాక కూడా అడుగు. వీధి దీపాలు లేని చోట డిప్‌లో రోడ్డు అంచు ఎంత దూరం దాకా కనబడుతుందో చూసుకో. అప్పుడే మీ అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టు. ఎక్కేటప్పుడు తల వంచాల్సి వస్తోందా, దిగేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఊని లేవాల్సి వస్తోందా, స్పీడ్ బ్రేకర్ దగ్గర నడుము పట్టుకుంటోందా, ఆమెను అడక్కుండా నువ్వే చూడు. అడిగితే బాగానే ఉందంటుంది. నోట్‌బుక్‌లో ఆ రెండు పేజీలూ నిండాక ఫొటో తీసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న