వరసలో ముందున్నవాడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నలభై నిమిషాలు పడిగాపులు పడ్డ మనిషి, అందులో మోగుతున్న ట్యూన్‌నే కూనిరాగం తీస్తూ ఫిర్యాదు రాసుకోవడం బాగుంది. మూడో పేజీకొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. ఫోనెత్తిన అమ్మాయి యాసని వెక్కిరించి నవ్వించబోయావు. ఆ ఆలస్యం ఆమె చేసింది కాదు. నీ కథానాయకుడు చేతికందిన మనిషి మీద విరుచుకుపడితే పడనీ, నువ్వు అతనితో కలవకు.

తిరగరాసేటప్పుడు నవ్వు జోలికి పోకుండా ముందు కోపాన్నే రాయి. ఏ నిమిషానికి ఏం వినిపించింది, ఏ అంకె నొక్కమంది, అతనేమన్నాడు, అన్నీ వరసగా. కోపం నలభై నిమిషాలూ ఒకే మోతాదులో ఉండదు. ఎంతసేపో తెలియనప్పుడు, కారణం చెప్పనప్పుడు, అన్యాయం జరుగుతోందనిపించినప్పుడు ఎదురుచూపు మరింత సాగినట్టుంటుందని డేవిడ్ మైస్టర్ అనే వ్యాపార నిర్వహణ నిపుణుడు 1985లోనే రాశాడు. నీ కథకి పెట్టి చూడు. "మీరు వరసలో రెండోవారు" అనగానే అతను మెత్తబడతాడు. పది నిమిషాలయ్యాక కూడా "రెండోవారు" అంటే రాజుకుంటుంది. ముందున్న ఆ ఒక్కడెవడు? అతనికో మొహం, ఓ ఉద్యోగం, ఓ బద్ధకం కల్పించి, ముక్కూ మొహం తెలియనివాడి మీద పగ పెంచుకుంటాడు. నీ హాస్యం అక్కడుంది. తీరా తన వంతొచ్చాక, వెనక ఇంకొకరున్నారన్న ఊహే లేకుండా పావుగంట తీరిగ్గా మాట్లాడనీ. అతని కోపంలోని లెక్క అంతా బయటపడుతుంది. నువ్వు వ్యాఖ్యానం చెయ్యక్కర్లేదు.

అతను మాత్రం తనది న్యాయమైన కోపమని చివరిదాకా నమ్మాలి. మధ్యలో చమత్కారంగా మాట్లాడాడా, కథ పోయినట్టే.

ఇక వాక్యం. మనకి క్రియ చివర పడుతుంది కనక నవ్వు తెప్పించే మాట మధ్యలో ఇరుక్కుపోతుంది. "చివరికి మళ్లీ మొదటి మెనూయే వినిపించింది" అని రాశావు. "ఇంతసేపు ఆగితే వినిపించింది, మళ్లీ మొదటి మెనూ" అని తిప్పి చదువుకో. ఆశ్చర్యార్థకాలన్నీ తీసెయ్. ఆ అలవాటు పండగ సంచికల సంపాదకులు పెట్టిందే. పైన "హాస్య కథ" అని అచ్చేసి, పక్కన గుడ్లు తేలేసిన బొమ్మ వేస్తారు. ఎక్కడ నవ్వాలో వేలు పెట్టి చూపిస్తే పాఠకుణ్ణి తెలివితక్కువవాడిగా కట్టినట్టే. ఇన్నేళ్లయినా ఆ పద్ధతి మారలేదు.

అన్ని కోపాలనీ ఇలా విప్పమనడం లేదు. అదే లైన్లో, నెల నెలా వచ్చే పింఛను ఆగిపోయిన ముసలామె ఉందనుకో. అప్పుడు ఆమె కోపాన్ని తడమకు, ఆమెని తిప్పుతున్న మెనూని అంకె అంకెగా రాయి.

కలం పేరు సంగతి, ఏ పత్రికకి పంపాలన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీ మార్చి పంపు.