ముందు పాదాలు చూడు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన గేమ్ యానిమేషన్ వీడియో రాత్రి మూడుసార్లు చూశాను. కోట, మంచు, కవచం మీద పడే వెలుతురు, అన్నీ నచ్చాయి. నీ యోధురాలు మాత్రం నాకు నమ్మకంగా అనిపించలేదు. ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్న అత్తగా, ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ఎదురుగా గొడ్డలి పట్టుకున్నవాడు ఉన్నాడు. ఈ పిల్లేమో పాదాలు దగ్గరగా పెట్టి, నడుము ఒక పక్కకు వంచి ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది. అలా నిలబడ్డ మనిషిని చిన్నపిల్ల తోసినా తూలిపోతుంది. ఒక కాలు ముందుకు, పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొంచెం వంచి, బరువు రెండు కాళ్ల మధ్య పెట్టు. అప్పుడు ఎటైనా కదలగలదు. కూచిపూడి క్లాసులో నేర్చుకున్నవి గుర్తు తెచ్చుకో. ఆయుధాన్ని ఒక కాలు ముందుకు చాచి నిలబడే ఆలీఢంలో సిద్ధం చేసుకుని, కాళ్లు మార్చి నిలబడే ప్రత్యాలీఢంలో వదలమంటుంది నాట్యశాస్త్రం. అంటే దెబ్బలోని బలం కాలు మార్చడంలో ఉంది. నువ్వు చెయ్యి ఒక్కటే తిప్పావు, అందుకే కత్తి తేలిపోతోంది.

నీ కథ మధ్యయుగపు యూరప్ లాంటి లోకంలో నడుస్తోంది కాబట్టి అక్కడి కత్తిసాము కూడా చూడాలి. ఇటలీకి చెందిన కత్తిసాము గురువు ఫియోరే దేయ్ లిబేరి 1410 ప్రాంతంలో బొమ్మలతో సహా రాసిపెట్టాడు. జర్మన్ల సంప్రదాయంలో ముఖ్యమైన నిలకడలు నాలుగే. వాటిలో రెంటికి ఎద్దు, నాగలి అని పేర్లు, మనకు వెంటనే అర్థమయ్యేవే. ఎద్దులో పిడి తల పక్కన ఉంటుంది, మొన కొమ్ములా ఎదుటివాడి ముఖం వైపు చూస్తుంది. నాగలిలో పిడి నడుము దగ్గర, మొన పైకి. ఒక్కో నిలకడ నుంచి కొన్ని దెబ్బలే తేలిగ్గా వస్తాయి. నువ్వు నిలకడను అందం కోసం ఎంచుకుని, దెబ్బను ఇంకెక్కడి నుంచో మొదలుపెట్టావు. మధ్యలో చేతులు గాలిలో ఈదాల్సి వచ్చింది.

ఇంకొకటి, కత్తి బరువు. రెండు చేతుల పొడవాటి కత్తి కిలోన్నర అటూ ఇటూగానే ఉండేది, పైగా ఆ బరువు చాలావరకు పిడి వైపే. నువ్వేమో సమ్మెట ఎత్తినట్టు ఎత్తించావు. ఒక కర్ర తీసుకుని, చేతి దగ్గర తడిగుడ్డ చుట్టి, మొత్తం కిలోన్నర వచ్చేలా తూకం వేసుకుని, డాబా మీద నువ్వే తిప్పి ఫోన్‌లో తీసుకో. జోర్డాన్ మెక్నర్ 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్ కోసం తన తమ్ముడిని పరిగెత్తించి, దూకించి వీడియో తీసి, దాని మీద గీసుకున్నాడు. అంత తక్కువ పిక్సెళ్లలోనూ ఆ బొమ్మకు బరువుంది.

కవచం సంగతి తిరగబడింది, దాని బరువు ఎక్కడా తెలియడం లేదు. పూర్తి ఇనుప కవచం ఇరవై కిలోల అటూ ఇటూ ఉన్నా ఒంటినిండా పంచుకుని ఉంటుంది. అది వేసుకుని పరిగెత్తొచ్చు, గుర్రం ఎక్కొచ్చు. బరువు తెలిసేది ఆగేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు. అక్కడ ఒక అడుగు ఎక్కువ వేయించు. చంకన నిండు బిందెతో మీ నానమ్మ మెట్లెక్కడం చూశావుగా, ఒళ్లు రెండో పక్కకు ఒరుగుతుంది, ఖాళీ చెయ్యి దూరంగా జరుగుతుంది. బిందె ఖాళీ అయితే ఆ ఒంపు ఉండదు. అలాంటివి చూసినప్పుడల్లా నోట్‌బుక్‌లో గీసుకో.

ఊరికే నిలబడ్డప్పుడు కూడా ఆ పిల్ల కొండ ఎక్కి వచ్చినట్టు రొప్పుతోంది. విశ్రాంతిలో మనిషి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లే ఊపిరి తీసుకుంటాడు. రొప్పు పోరాటం అయ్యాక రావాలి, అప్పుడే దానికి విలువ. పాదాలు నేల మీద జారడం తెలుసు కదా, నడక వేగానికీ అడుగు పొడవుకీ లెక్క కుదుర్చు, మెట్ల మీద ఐకే పెట్టు, అంటే పాదం ఆనే చోటును బట్టి కాలి వంపును లెక్కగట్టే పద్ధతి.

అంతా అచ్చం నిజంలా చెయ్యమని నేను అనడం లేదు. మొదటి కంపెనీలో ఆ పొరపాటు నేనే చేశాను. ప్రతి దెబ్బకీ పూర్తిగా వెనక్కి లాగే కదలిక పెడితే, బటన్ నొక్కినవాడికి ఆట మొద్దుగా అనిపించింది. టీమ్‌లో ఎవరికీ ఆడబుద్ధి కాలేదు, రెండు నెలల పని పక్కన పడేశారు. ఆడేవాడి దెబ్బకు సన్నాహం నాలుగైదు ఫ్రేముల్లో ముగించి, బరువంతా దెబ్బ తర్వాత తేరుకోవడంలో చూపించు. శత్రువుకైతే సన్నాహం పెద్దగా ఉండాలి, అది చూసే కదా ఆడేవాడు తప్పుకునేది.

2005లో వచ్చిన గేమ్ షాడో ఆఫ్ ది కొలోసస్‌లో కుర్రాడు కత్తి తిప్పితే తడబాటు కనిపిస్తుంది. ఆరితేరిన యోధుడు కాడని కదలికే చెబుతుంది. నీ పిల్ల ఎవరు? సైన్యంలో పెరిగిందా, నిన్ననే కత్తి పట్టిందా? అది తేల్చుకోకుండా కీ ఫ్రేములు, అంటే కదలికలోని ముఖ్యమైన భంగిమలు, పెట్టకు.

వచ్చే ఆదివారానికి కత్తి, కవచం తీసేసి, బూడిద రంగు బొమ్మతో నిలబడటం, నాలుగు అడుగులు నడవడం, ఆగడం, అంతే చేసి పంపు. రాత్రి పదింటికి ఫోన్ చేస్తాను, ఇద్దరం ఫ్రేమ్ ఫ్రేమ్ చూద్దాం.

మీ అత్త